ముఖ్య అతిథి జరిపిన బంటు

ఆ పోటీ గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

బుక్కరాయసముద్రంలో ఒక ఫంక్షన్ హాలు, జిల్లా చెస్ పోటీలు. నేను అప్పుడు డిగ్రీ చదువుతున్నాను. చివరి రౌండు, మొదటి బోర్డు, తెల్లపావులు నావి. గెలిస్తే రాష్ట్ర పోటీలకు పోతాను, డ్రా అయినా ఇంటికే. రాజు ముందున్న బంటును రెండు గళ్లు జరిపి మొదలుపెట్టే ఓపెనింగ్ ఒక్కటే ఆ ఎండాకాలమంతా సాధన చేశాను.

మొదటి రోజే పోటీలను ప్రారంభించాల్సిన పెద్దమనిషి, తీరిక దొరక్క ఆ రోజు వచ్చాడు. చివరి రౌండుకు ప్రారంభోత్సవమట! శాలువా కప్పుకుని నా బోర్డు దగ్గర నిలబడి, ఫోటోగ్రాఫర్ వైపు నవ్వుతూ, కుడివైపు చివరి బంటును రెండు గళ్లు తోశాడు. ఆయనకు ఆట రాదు. రాకపోవడం తప్పేం కాదు. ఫోటో అయ్యాక ఆ బంటును వెనక్కి పెట్టి, ఆటగాళ్లు తమ ఎత్తు తాము వేసుకోవడం ఎక్కడైనా ఉన్న ఆనవాయితీ. నేనూ చెయ్యి చాచాను.

నిర్వాహకుడు నా మణికట్టు పట్టుకున్నాడు. "సారు పెట్టింది తీస్తావామ్మా? ఆయన ఈడే ఉండాడు."

"తీసెయ్యక్కా, నాకేం లేదు," అన్నాడు ఎదురుగా కూర్చున్న ధర్మవరం కుర్రాడు. ఆర్బిటర్ మాత్రం ఫ్యాన్ వైపు చూస్తూ, "ఎత్తు పడిపోయింది, ఆడండి," అని గడియారం నొక్కాడు. నిబంధనలు చెప్పడానికే జీతం తీసుకునే మనిషి!

నేర్చుకున్నదంతా బూడిదలో పోసిన పన్నీరైంది. రాజును దాచుకోవాల్సిన మూల బోసిపోయింది. కాసేపటికే ఆ బంటు చచ్చింది. పళ్లు కొరుక్కుంటూ, ఒక బంటు తక్కువతోనే సాయంత్రం దాకా పోరాడాను. ఆఖరికి గెలిచాను.

మైకులో నిర్వాహకుడు, "సారు చెయ్యి పడింది, పాప గెలిచింది," అన్నాడు. చప్పట్లు కొట్టారు. సారు చేతులు జోడించి అందుకున్నాడు.

నన్ను తీసుకుపోవడానికి వచ్చిన నాయన ముఖం వెలిగిపోతోంది. "సారు చెయ్యి మంచిదంట గదమ్మా. పోయి కాళ్లకు దండం పెట్టుకోని రాపో."

"ఆయన జరిపిన బంటు సచ్చిపోయినాక నేను గెలిచినా నాయనా. నేను పోను."

నాయన గబుక్కున వెనక్కి తిరిగి, నా మాట సారుకు వినబడిందేమోనని చూశాడు. ఆ రోజు అందరి మీదా వచ్చిన కోపం ఒక ఎత్తు, ఆ చూపు మీద వచ్చింది ఒక ఎత్తు.