అమ్మకానికి లేని ఇల్లు

ఈ రోజు ఇంగ్లండ్‌లో, మా బ్రాక్‌నెల్ ఆఫీసులో నా పక్క సీట్లో కూర్చునే టుండే, నైజీరియాలోని లాగోస్‌లో వాళ్లమ్మ ఉండే చవక ఇళ్ల కాలనీ ఫొటో చూపించాడు. రెండు గదుల ఇంటి గోడ మీద ఎర్రరంగుతో ‘ఈ ఇల్లు అమ్మకానికి లేదు’ అని రాసి ఉంది. నవ్వేశాను.

అతను నవ్వలేదు. “ఊరు పెరిగిపోతోంది. అమ్మ నాలుగు రోజులు ఎటైనా వెళ్తే, దొంగ కాగితాలతో ఎవడో అమ్మేస్తాడు. వీధంతా ఇలాగే రాసుకున్నారు.”

హైదరాబాద్ శివార్లలో ఉన్న మా ప్లాటుకి రాసుకోవడానికి గోడైనా లేదు. వెంటనే బయటికెళ్లి, ఒకసారి చూసి రమ్మని బావమరిదికి ఫోన్ చేశాను.

“మొన్ననే అటు వెళ్లాను బావా. ప్రహరీ భలే కట్టించావు, మాటైనా చెప్పలేదే!”

నేను ఏ గోడా కట్టించలేదు.

ఇంతకీ, మీ స్థలం మీరు చివరిసారి ఎప్పుడు చూసుకున్నారు?