నూట నలభై ఒక్క గోల్స్ వీరుడు

మా శాన్ రామన్‌లో ఏ తెలుగువాళ్ళింటికి భోజనానికి వెళ్ళినా పప్పు గిన్నె చేతికందేలోపే ఒక ప్రశ్న అందుతుంది. "మీ అబ్బాయి ఏం చేస్తుంటాడండీ?" ఈ ప్రశ్నకి జవాబు చెప్పడానికే కొందరు పిల్లల్ని కన్నారేమో అనిపిస్తుంది నాకు. ఒకరు మెడికల్ రెసిడెన్సీ అంటారు. ఇంకొకరు కంపెనీ పేరు చెప్పి ఊరుకుంటారు, మిగతాది మనమే ఊహించుకోవాలని. మా పక్కింటి రామమోహన్ గారు మాత్రం ఐదేళ్ళపాటు ఒకటే జవాబు చెప్పారు.

"స్కాట్లాండ్‌లో ఉన్నాడండీ. అక్కడ చలి ఎక్కువ."

ఇక అక్కణ్ణుంచి చలి గురించే. వాన, ఈదురుగాలి, శీతాకాలంలో మధ్యాహ్నానికే చీకటి పడిపోవడం. వినేవాళ్ళ కంచంలో అన్నం చల్లారిపోయేది గానీ అబ్బాయి అక్కడ ఏం వెలగబెడుతున్నాడో తెలిసేది కాదు.

నాకు తెలుసు. రామమోహన్, జయంతి దంపతులు మాకు ఇరవై ఏళ్ళకు పైగా ఇరుగుపొరుగు. వాళ్ళబ్బాయి రుత్విక్ మా గ్యారేజ్ తలుపుకేసి బంతి కొట్టి కొట్టి పెరిగాడు. ఆ తలుపు మీద సొట్టలు ఇప్పటికీ ఉన్నాయి. మా ఆయన బాగుచేయిద్దామంటే నేనే వద్దన్నాను. ఆ సొట్టలు చూస్తే వాడు కళ్ళముందు ఉన్నట్టే ఉంటుంది నాకు.

రుత్విక్ పుట్టింది ఇంగ్లండ్‌లో. రామమోహన్ గారు అక్కడ చాలాకాలం ఉద్యోగం చేసి, పిల్లాడికి ఐదో ఏడు వచ్చాక కాలిఫోర్నియా వచ్చారు. అందుకని వాడికి బ్రిటిష్ పాస్‌పోర్ట్ ఉంది. ఎప్పటికైనా పనికొస్తుందని దాన్ని పదిలంగా రెన్యూ చేయిస్తూ వచ్చారాయన. ఇలా పనికొస్తుందని మాత్రం కలలో కూడా అనుకోలేదు.

స్కూల్లో చేరేనాటికే వాడు అందరికంటే ఒక తల ఎత్తు ఎక్కువ. పరిగెత్తమంటే మహా బద్ధకం. ఈ రెండు సుగుణాలూ గమనించిన కోచ్ వాణ్ణి గోల్ ముందు నిలబెట్టాడు. బద్ధకస్తుడికి తగిన చోటు దొరికిందని నేను నవ్వుకున్నాను. కానీ నిలబెట్టిన చోటునుంచి వాడు మళ్ళీ కదల్లేదు. కాలేజీలోనూ గోల్‌కీపరే. డిగ్రీ అయ్యాక స్కాట్లాండ్‌లో స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ చదువుతానన్నాడు. రామమోహన్ గారికి మేనేజ్‌మెంట్ అన్న మాట ఒక్కటే వినబడింది. వెంటనే ఒప్పుకున్నారు.

చదువు అయిపోయింది, అబ్బాయి రాలేదు. గ్లెన్‌టార్వీ అనే చిన్న ఊళ్ళో, గ్లెన్‌టార్వీ రోవర్స్ అనే క్లబ్బులో చేరాడు. ఆ దేశపు పెద్ద ఫుట్‌బాల్‌లో పైనుంచి కిందకి నాలుగు డివిజన్లున్నాయట. ఈ క్లబ్బు నాలుగో దాంట్లో, అందులోనూ అట్టడుగున ఉండేది. ర్యాంకుల కోసం ప్రాణాలిచ్చే మనవాళ్ళకి చెప్పుకునే సంగతి కాదిది.

అక్కడ ఎవరికీ ఆటే ఉద్యోగం కాదు. రుత్విక్ పగలు తివాచీల కొట్లో పనిచేసేవాడు, వారంలో రెండు సాయంత్రాలు ప్రాక్టీసు, శనివారం మ్యాచ్. మైదానం సముద్రం పక్కనే. గాలి ఎదురైతే వాడు ముందుకు తన్నిన బంతి మళ్ళీ వాడి దగ్గరికే వచ్చేదట. గాలి తోడైతే సముద్రంలో పడేదట. గోల్ వెనక ఎర్ర టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన ప్రతి మ్యాచ్‌కీ వచ్చి తొంభై నిమిషాలూ వీణ్ణే తిట్టేవాడట. ఒకసారి ఆయన జ్వరంతో రాకపోతే వీడికి బెంగ పట్టుకుందని జయంతి చెప్పింది.

మొదట్లో వాడి స్థానం బెంచీ మీదే. అసలు గోల్‌కీపర్ ఒక ప్లంబర్. ఒక శనివారం చలికి ఊళ్ళో పైపు పగిలి ప్లంబర్ అటు పరిగెత్తితే, రుత్విక్‌కి మొదటి మ్యాచ్ దొరికింది. ఐదు గోల్స్ పడ్డాయి. అప్పటినుంచి ఎక్కడ పైపు పగిలినా వీడికి అదృష్టం పట్టేది. చివరికి ప్లంబర్ మోకాళ్ళు అరిగి తప్పుకున్నాక, మూడేళ్ళు వీడే గోల్ కాశాడు.

ఆ రోజుల్లోనే రామమోహన్ గారికి ఒక వింత అలవాటైంది. శనివారం పొద్దున్నే వాకింగ్ అని చెప్పి కారులో బయల్దేరేవారు. లైబ్రరీ పార్కింగ్‌లో కారు ఆపి, అద్దాలు ఎత్తేసుకుని లోపలే కూర్చునేవారు. నేను రెండు మూడుసార్లు చూశాను. ఒకసారైతే స్టీరింగ్‌ని అరచేత్తో దబదబా బాదేస్తున్నారు. మొగుడూ పెళ్ళాలకి పడలేదేమోనని ఆ సాయంత్రం జయంతికి గోంగూర పచ్చడి పట్టుకెళ్ళి, ఏమైనా చెప్పుకుంటుందేమోనని గంటసేపు కూర్చున్నాను. తనకి ఏమీ అర్థం కాలేదు. పచ్చడి మాత్రం తీసుకుంది.

నిరుడు క్లబ్బు వాళ్ళు ఇక చాలన్నారు. రుత్విక్ ఇంటికొచ్చి ఇక్కడి పార్కులో పిల్లలకి ఆట నేర్పడం మొదలుపెట్టాడు. అబ్బాయేం చేస్తాడని అడిగితే, "ఈమధ్యనే వచ్చాడండీ, అక్కడ చలి ఎక్కువ" అనడం మొదలుపెట్టారు తండ్రిగారు.

ఈ ఏడు మా తెలుగు సంఘం ఉగాది వేడుకకి రావలసిన ముఖ్య అతిథి ఆఖరి వారంలో రానన్నాడు. శాలువా కొనేశాం. జ్ఞాపిక చేయించేశాం. సంఘం అధ్యక్షుడు చక్రధర్ గారు తల పట్టుకుని కూర్చుంటే, "మన రుత్విక్‌కి సన్మానం చేద్దాం" అన్నాను.

"వాడేం చేశాడని, రాధారాణి గారూ?"

"ఐదేళ్ళు ఫుట్‌బాల్ ఆడాడు."

"ఎక్కడ, యూరప్‌లోనా?"

"స్కాట్లాండ్ అక్కడే ఉంది కదా."

ఆయన కళ్ళు మెరిశాయి. నేను అప్పుడే భయపడి ఉండాల్సింది. చక్రధర్ గారు మైకు పట్టుకుంటే మనిషిని ఆకాశానికి ఎత్తి అక్కడే వదిలేసి వస్తారు. పోయినేడు పళ్ళ డాక్టర్ని దంతవైద్య సార్వభౌముడని పరిచయం చేస్తే, పాపం ఆయన వెనక్కి తిరిగి చూశాడు.

రుత్విక్‌ని అడగడానికి పార్కుకి వెళ్ళి, అతిథి రానన్న సంగతి చెప్పాను. "అంటే సబ్‌స్టిట్యూట్ కావాలి కదా ఆంటీ? నాకు చాలా ఎక్స్‌పీరియన్స్ ఉంది" అని నవ్వాడు. తర్వాత నవ్వడం ఆపి, "నాన్న వస్తాడా?" అన్నాడు.

"రాకేం, ముందు వరసలోనే కూర్చోబెడతాను."

"నాకు శాలువా వద్దు ఆంటీ. మా అబ్బాయి గోల్‌కీపర్ అని నాన్న ఒక్కసారి ఎవరికైనా చెప్తే చాలు. ఫైవ్ ఇయర్స్‌లో ఒక్కసారి కూడా చెప్పలేదు. నేను అడగలేను కదా, చెప్పు నాన్నా అని."

ముప్ఫై ఏళ్ళ మనిషి అలా అంటుంటే వినలేక, ఇస్త్రీ చొక్కా వేసుకుని రమ్మని కసిరి వచ్చేశాను.

వేడుక రోజు స్కూల్ ఆడిటోరియం నిండిపోయింది. చక్రధర్ గారు వాడి గురించి ఇంటర్నెట్‌లో వెతికారట. పేరు పక్కన గోల్స్ అని ఒక పెద్ద అంకె కనబడేసరికి ఇంకేమీ చదవలేదు.

"ఐరోపా ఖండపు మేటి క్రీడాకారుడు, స్కాట్లాండ్ ప్రజల ఆశాజ్యోతి, తన క్రీడా జీవితంలో అక్షరాలా నూట నలభై ఒక్క గోల్స్ సాధించిన మన శాన్ రామన్ ముద్దుబిడ్డ" అంటూ చేయి చాచారు.

హాలు చప్పట్లతో మారుమోగింది. ముందు వరసలో రామమోహన్ గారి వెన్ను నిటారయింది. పక్కాయన చేయి కలిపితే కాదనలేదు. అంత వెలుగు ఆయన ముఖంలో నేనెప్పుడూ చూడలేదు. స్టేజి మీదనుంచి రుత్విక్ కూడా ఆ ముఖాన్నే చూస్తున్నాడు. నోరు మూసుకుని శాలువా కప్పించుకుంటే ఆ వెలుగు అలాగే ఉండేది. వాడు మైకు అడిగాడు.

"థాంక్స్, చక్రధర్ అంకుల్. కానీ నేను గోల్‌కీపర్. ఆ గోల్స్ నేను వెయ్యలేదు. నేను ఆపలేకపోయినవి అవి."

ఎవరో పిల్లాడు కిసుక్కుమన్నాడు. దాంతో హాలంతా నవ్వింది. నవ్వు ఆగేదాకా ఉండి, "మాది ఫోర్త్ డివిజన్. లాస్ట్ డివిజన్ అదే. ఒక ఇయర్ అందులో కూడా లాస్ట్ వచ్చాం. కానీ నాకు చాలా ఇష్టం" అన్నాడు. ఈసారి చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు. చక్రధర్ గారు శాలువాని ఆరేయడానికి తీగ వెతుక్కునేవాడిలా రెండు చేతులతో పట్టుకుని నిలబడిపోయారు.

రామమోహన్ గారు లేచారు. అవమానం పట్టలేక వెళ్ళిపోతున్నారనుకున్నాను. జయంతి చేయి పట్టుకుంది, విడిపించుకున్నారు. ఆయన తలుపు వైపు కాక మెట్లెక్కి స్టేజి మీదకి వెళ్ళి, కొడుకు చేతిలో మైకు తీసుకున్నారు.

"మీ లెక్క తప్పండీ, చక్రధర్ గారూ. నూట నలభై ఒకటి కాదు, నూట నలభై మూడు. కప్ మ్యాచ్‌లో పడ్డ రెండూ ఆ వెబ్‌సైట్ వాళ్ళు కలపలేదు. అందులో రెండోది వీడి తప్పు కాదు. అసలది గోలే కాదు, ఆఫ్‌సైడ్. జెండా పట్టుకున్న ఆయన ఎటో చూస్తున్నాడు."

ఇంతసేపూ తడబడని రుత్విక్ గొంతు అప్పుడు తడబడింది. "నువ్వు చూశావా నాన్నా?"

"అన్నీ చూశాను. శనివారం పొద్దున ఫోన్‌లో. మీ క్లబ్బు వాళ్ళు పెట్టేది ఒకటే కెమెరా. గాలికి అది సగంసేపు సముద్రం వైపే తిరిగి ఉండేది."

"వాకింగ్ అన్నారు కదండీ" అంది కింద జయంతి. అప్పుడుగానీ నాకు ఆ లైబ్రరీ పార్కింగ్ గుట్టు తెలియలేదు. అనవసరంగా ఒక సీసా గోంగూర పోయింది.

"మరి నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు వాడు.

ఆయన మైకు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు. "చూస్తున్నానంటే ఎప్పటికీ మానవేమోనని భయం. చూడట్లేదని నువ్వనుకుంటే మానేస్తావేమోనని ఇంకో భయం" అన్నారు. మైకు ఇంకా ఆన్‌లోనే ఉందని ఇద్దరికీ గుర్తులేదు. నేనైతే కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను, చూసేవాళ్ళు చూడనీ అని.

తర్వాత భోజనాలు. పులిహోర వడ్డించేది నేనే. తూర్పు తీరంలోని హెర్న్‌డన్ నుంచి మా ఊరికి కొత్తగా వచ్చిన భాస్కర్ అనే ఆయన, ప్రోగ్రాం అంతా ఎగ్గొట్టి సరిగ్గా భోజనాల వేళకి దిగినవాడు, లైనులో రామమోహన్ గారి ముందు నిలబడ్డాడు. పరిచయాలయ్యాయి. వెనకే పళ్ళెం పట్టుకుని రుత్విక్ ఉన్నాడు. అడగవలసిన ప్రశ్న భాస్కర్ అడగనే అడిగాడు.

"మీ అబ్బాయి ఏం చేస్తుంటాడండీ?"

నా చేతిలో గరిటె ఆగిపోయింది. వెనక పళ్ళెం కూడా కదల్లేదు.

"గోల్‌కీపరండీ" అన్నారు రామమోహన్ గారు. "స్కాట్లాండ్‌లో ఆడాడు. నాలుగో డివిజన్."

"నాలుగంటే పైనుంచా, కిందనుంచా?"

"పైనుంచి నాలుగు. కిందనుంచి మొదటిది" అని, భాస్కర్ భుజమ్మీద చేయి వేసి, ఆ ఆఫ్‌సైడ్ గోల్ సంగతి మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టారు. పాపం ఆయన పళ్ళెంలో పులిహోర చల్లారిపోయింది. చలి మాట మాత్రం ఒక్కసారి కూడా రాలేదు.