జెండాల మేడమ్

రేవులోకి ఏ సరుకు ఓడ వచ్చినా, ఆ తనిఖీ అధికారిణి చూపు ముందు దాని వెనక కొసన ఎగిరే జెండా మీదికే పోతుంది. ఓడ ఏ దేశంలో నమోదైతే ఆ దేశపు సరుకు ఓడల జెండాయే కట్టాలి. నౌకాదళం జెండా కట్టకూడదు. బైనాక్యులర్స్ కళ్ళకి ఆనించి, కింది పెదవి కొరుక్కుంటూ, అంచున చిన్న చిరుగు ఉన్నా పట్టేస్తుంది. ఆ గుడ్డలో అంతసేపు చూడ్డానికి ఏముంటుందో రేవులో ఎవరికీ అంతుపట్టదు. మొన్న ఒక సరుకు ఓడ మీద నౌకాదళం జెండా కనిపించింది. దాని కెప్టెన్ ఆవిడ సొంత తమ్ముడు. పడవలో వెళ్ళి నిచ్చెనెక్కింది.

"నాన్న పనిచేసిన ఓడ జెండా అక్కా. ఆయన పోయి ఇవాళ్టికి ఏడాది," అన్నాడు.

"తెలుసురా. దించి నాకివ్వు."

తనిఖీ కాగితంలో ఆ తప్పు నమోదు చేసి, వాడి చేత సంతకం పెట్టించుకుంది. తిరుగు పడవలో ఉప్పునీటి జల్లు మొహాన కొడుతున్నా తుడుచుకోలేదు. మడిచిన జెండా తడవకుండా రెండు చేతులతో కోటు లోపల అదిమి పట్టుకుని కూర్చుంది.