హార్డ్ డిస్క్‌లో విడిచిన దారి

దయ్యాలను నేను నమ్మను. కర్నూలులో కంప్యూటర్లు బాగుచేసి బతికేవాణ్ణి. ఏ వింత జరిగినా దాని వెనక ఎవరిదో ఒక చెయ్యి ఉంటుందన్నది నా గట్టి నమ్మకం. అందుకే ముందుగా తమ్ముణ్ణే అనుమానించాను.

మా నాన్న పత్తికొండలో సర్వేయరు. అన్నదమ్ముల పొలాలు కొలిచి పంచేవాడు. రెండు భాగాల మధ్య బండి పోయేంత దారి విడవనిదే హద్దురాయి పాతనిచ్చేవాడు కాదు. ఆ దారి ఏ ఒక్కరిదీ కాదు.

ఆయన పోయాక మాకు మిగిలింది ఆయన ల్యాప్‌టాప్, అందులో పొలం కొలుస్తూ మాట్లాడిన ఒకే ఒక వీడియో. అమ్మ రోజూ పొద్దున ఆ గొంతు వింటేగానీ కాఫీ తాగదు.

కడపలో ఇంజనీరింగ్ చదువుతూ సెలవులకు ఇంటికొచ్చిన తమ్ముడికి ఆ ల్యాప్‌టాప్‌లో లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కావలసి వచ్చింది. నాకు విండోస్ ఉండాలి. సరే, హార్డ్ డిస్క్‌ను చెరిసగం చేద్దామనుకున్నాం. వీడియోను ముందే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, ఆడించి చూసుకున్నాను. ఆ తర్వాతే డిస్క్‌లో విండోస్ ఉన్న భాగాన్ని, అంటే విండోస్ పార్టిషన్‌ను కుదించి, మిగిలిందంతా లైనక్స్‌కు ఇచ్చాను.

మళ్లీ ఆన్ చేస్తే రెండు పార్టిషన్ల మధ్య ఖాళీ కనిపించింది. కాస్త మిగలడం మామూలే. ఇది అంత చిన్నది కాదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేను పట్టుకుందామనుకున్నాను.

"నేను ముట్టనే ల్యా అన్నా, అమ్మతోడు," అన్నాడు తమ్ముడు.

నమ్మలేదు. ఆ ఖాళీని కూడా లైనక్స్‌లో కలిపేశాను. అంతే, నాన్న వీడియో తెరుచుకోలేదు. పెన్‌డ్రైవ్‌లోని కాపీ కూడా తెరుచుకోలేదు. భయమేసింది. అమ్మ మొహం చూడలేకపోయాను.

ఆమె ఏడవలేదు. "ఇద్దరూ సమానంగా పంచుకుంటిరి, బాగుండాది. దారి యాడ ఇడిసినారు నాయనా?" అంది.

తమ్ముడి మీద నాకు ఒళ్లు మండింది. ల్యాప్‌టాప్‌నూ పెన్‌డ్రైవ్‌నూ బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాను. తమ్ముణ్ణి నా పక్కనే పడుకోబెట్టుకున్నాను.

పొద్దున తెరిచి చూస్తే ఆ ఖాళీ మళ్లీ వచ్చి ఉంది. వీడియో ఆడింది, రెండు చోట్లా. నాన్న గొంతు విని అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

డిస్క్‌ను పరీక్షించాను, ఏ లోపమూ లేదు. తెలిసినవాళ్లను అడిగాను, ఎవరూ చెప్పలేకపోయారు. తమ్ముడి మీద ఇప్పటికీ ఒక కన్ను వేసే ఉంచాను. వాడికి చోటు చాలడం లేదు, నాకూ చాలడం లేదు. అయినా ఆ ఖాళీని వాడూ అడగడు, నేనూ ముట్టను.