పాదం నొక్కితే ఊపిరి బిగబట్టాలి

మా అత్తగారి లివర్‌లో గడ్డ ఉందని అల్ట్రాసౌండ్‌లో తేలింది. నిమ్మకాయంత ఉందన్నారు. అది మంచిదో చెడ్డదో మాత్రం ఎమ్మారై తీస్తేగానీ చెప్పలేమన్నారు. మా ఆయనకి ఓడల డాక్‌లో క్రేన్ మీద డ్యూటీ. సాల్ట్ లేక్‌లో నాది కంప్యూటర్ ముందు కూర్చునే ఆఫీసు ఉద్యోగం కాబట్టి సెలవు నాకే దొరుకుతుందని ఇంట్లో వాళ్ళే తీర్మానించేశారు. ఆ నెల ఆఫీసులో కన్నా ఆస్పత్రి బెంచీల మీదే ఎక్కువ కూర్చున్నాను. ఒళ్ళు హూనమైపోయింది.

స్కాన్ రోజు మేముండే మెటియాబ్రుజ్‌లో బస్సెక్కింది మొదలు ఆవిడ నోరు ఆగలేదు. కండక్టరుతో బెంగాలీ, పక్క సీటు దర్జీతో హిందీ, నాతో మన మాట. ఆవిడకి భాషలకు కరువు లేదు, మాటలకు అసలే లేదు. భయం వేస్తే ఇంకా ఎక్కువ మాట్లాడుతుందని నాకు తెలుసు. తెలిసినా తల వాచిపోయింది.

ఆవిడని లోపలికి తీసుకెళ్ళిన కాసేపటికే స్కాన్ తీసే కుర్రాడు తలుపు తీసుకుని బయటికొచ్చాడు.

"దీదీ, మాషిమా షుధు కొథా బోల్ఛేన్," అన్నాడు విసుగ్గా. ఎంతసేపూ మాట్లాడుతూనే ఉందట.

ఊపిరి పీల్చి వదులుతుంటే లివర్ కూడా కదులుతుంది. బొమ్మ తీసే కాసేపూ ఊపిరి బిగబట్టకపోతే అంతా అలుక్కుపోయినట్టు వస్తుంది. అతను మైకులో "ఊపిరి ఆపండి" అన్నప్పుడల్లా ఈవిడ "అలాగే బాబూ" అంటోంది. ఆ జవాబుతో పట్టిన ఊపిరి కాస్తా పోతోంది.

నేను లోపలికెళ్ళి, "అత్తా, ఆయన చెప్పినదానికి నువ్వు పలకక్కర్లేదు," అన్నాను.

"అదేటే అమ్మీ! మనిసి పనిగట్టుకుని సెప్తంటే బండరాయినాగ పడుంటానా? బలుపనుకోడా?"

మళ్ళీ తీశారు. మళ్ళీ "అలాగే బాబూ". ఇక చేతి నరంలోకి మందు ఎక్కించాలి. ఆ మందు గడ్డలోకి ఎలా వెళ్తుందో, ఎలా బయటికొస్తుందో చూసే అది ఏ రకమో చెబుతారట. ఆ బొమ్మలు చెడితే అప్పటికప్పుడు మళ్ళీ తీయడం కుదరదు. ఇంకో రోజు తీసుకురండి అన్నాడతను. ఇంకో సెలవు, ఇంకో బస్సు, ఇంకో రోజు ఈ వాగుడు. నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు అతన్ని బతిమాలాను. మైకు కట్టేసి, ఊపిరి ఆపాల్సినప్పుడల్లా అద్దం అవతలి నుంచి నాకు చెయ్యెత్తి చూపించమన్నాను. గాజులు, పిన్నులు, మెళ్ళోవి అన్నీ తీసి, చెవుల్లో దూది పెట్టుకుని ఆవిడ కాళ్ళ దగ్గర నిలబడ్డాను.

"ఇక నిన్నెవరూ పిలవరు. నేను పాదం నొక్కితే ఊపిరి బిగబట్టు. చెయ్యి తీశాక వదులు."

"కోడలి సేత కాళ్ళట్టించుకోడమేటే, మా తల్లే!" అని పాదాలు వెనక్కి లాక్కుంది.

"కదలకు! కదిలావంటే మళ్ళీ మొదటికొస్తాం," అని కసిరాను.

మందు ఎక్కించి మిషన్ నడిపారు. రైలు పట్టాల మీద సుత్తులతో బాదుతున్నట్టు మోత. అతను చెయ్యెత్తినప్పుడల్లా నొక్కాను. చల్లటి పాదాలు, పగిలిన మడమలు. తెలియకుండానే ఆవిడతో పాటు నేనూ ఊపిరి బిగబట్టాను. ఆవిడ ఒక్కసారి కూడా తప్పలేదు.

ఆ వారంలోనే డాక్టరు పిలిచి, బొమ్మలు మా వైపు తిప్పాడు. ఆ నిమ్మకాయంత గడ్డలోకి మందు అంచుల నుంచి మెల్లగా నిండి, అక్కడే నిలిచిపోయింది. అది ఉత్త రక్తనాళాల ముద్ద, దాని జోలికి పోనక్కర్లేదన్నాడు. హమ్మయ్య అనుకున్నాను. ఇంతలో అతని వేలు పక్కకి జరిగింది. అక్కడ రేగిపండంత మచ్చ. అల్ట్రాసౌండ్‌లో కనబడనిది. మందు రాగానే తెల్లగా మెరిసి, అంతలోనే నల్లబడింది. ఆవిడ రక్తంలో ఎప్పటినుంచో కామెర్ల వైరస్ ఉందని పరీక్షలో తేలింది, అలాంటి లివర్‌లో ఇలా కనిపిస్తే క్యాన్సరేనన్నాడు. అతను చెప్పింది బెంగాలీలో, అది ఆవిడకి బాగా వచ్చు కాబట్టి దాచడానికేమీ మిగల్లేదు.

చిన్నగా ఉండగానే దొరికింది, సూది గుచ్చి కాల్చేయొచ్చు, ఆ తర్వాత మూడు నెలలకోసారి ఎమ్మారై తీయిస్తూ ఉండాలన్నాడు.

"ఎన్నాళ్ళు?" అన్నాను.

"ఆవిడ ఉన్నన్నాళ్ళూ."

బయటికొచ్చాక అత్త నా చెయ్యి పట్టుకుంది. "నీకెంత సెర తెచ్చిపెట్టినానే పిల్లా. నీ సెలవులన్నీ నాకే అయిపోతన్నాయి."

నేను నిలబడే నిద్రపోయేలా ఉన్నాను. అయినా బస్టాపులో నిలబడి, ఈ తిరుగుడు ఇప్పట్లో ఆగకూడదని, ఏళ్ళ తరబడి నా సెలవులన్నీ ఇలాగే ఖర్చయిపోవాలని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.