మూల కూర్చున్నవాళ్ళను లేపిన రాజేశ్వరి

నిన్న పొద్దున్నే ఫోన్. "రాజేశ్వరి పోయింది."

ఏ రాజేశ్వరి అని అడిగాను. తెలిసే అడిగాను.

మా పిన్ని కూతురు. రిటైర్డ్ డ్రిల్ టీచర్. మొన్న సాయంత్రం కూడా మా ఇంట్లో టీ తాగి, చక్కెర ఎక్కువైందని నన్ను తిట్టి వెళ్ళింది. నిద్రలోనే గుండె ఆగిందట.

ఈ అనకాపల్లిలో ఆగాల్సిన గుండెలు చాలా ఉన్నాయి. ఆగింది మాత్రం ఆమెది.

వాట్సాప్ గ్రూపు తెరిస్తే ఒకటే భజన. "మహిళాలోకానికి వెలుగు" అట. రాసింది మా కమ్యూనిటీ హాల్ ప్రెసిడెంట్ సూర్రావు. చదివి ఫోన్ బోర్లా పెట్టేశాను.

ఎందుకో చెబుతాను.

మా బావ పోయినప్పుడు మా నరసమ్మక్కను మూల కూర్చోబెట్టారు. మా వాళ్ళ ఆచారం అది. కర్మకాండ అయిపోయింది, చుట్టాలు వెళ్ళిపోయారు, అక్క మాత్రం మూల వదలలేదు. ఏడవలేదు. నేను పక్కన కూర్చుని వేదాంతం చదివి వినిపించాను. గోడకి వినిపించినట్టే.

రాజేశ్వరి వచ్చింది.

"ఏటే అక్కా, ఈ మూల నీకేటైనా రాసిచ్చేరా? లెగు!"

లేపింది. చెయ్యి పట్టుకుని నేలని కాలితో కొట్టమంది. "గట్టిగా కొట్టవే. బావ మీద కోపం లేదేటి నీకు, సెప్పకుండా పోనాడని?"

అక్క కొట్టింది. మళ్ళీ కొట్టింది. అప్పుడు ఏడ్చింది.

నాతో రాజేశ్వరి అన్న మాట ఇది: "నీకు పుస్తకాలున్నాయి అన్నయ్యా. అక్కకి చదువు రాదు. మరి ఆవిడ దుఃఖం ఎటుపక్క నుంచి బయటికెళ్తాది?"

దీన్ని డ్యాన్స్ థెరపీ అంటారని ఆమె ఎక్కడో ట్రైనింగ్‌లో నేర్చుకుంది. అక్కలాంటి వాళ్ళందరినీ హాల్లో పోగుచేసింది.

సూర్రావు హాల్‌కి తాళం వేశాడు. "మొగుడు పోయినోళ్ళకి గెంతులేటి? మన పరువేటవ్వాల?"

ఆమె వాళ్ళచేత రోడ్డు మీదే ఆడించింది. ఆటోలు ఆగిపోయాయి. తాళం తీశాడు.

"నేను పోతే డప్పులు పెట్టండి. నా ఆడోళ్ళు ఆడాలి." ఈ మాట ఆమె అందరి ముందూ అన్నదే. సూర్రావు ముందు కూడా.

నిన్న సాయంత్రం డప్పులు పెట్టారు. ఫ్లెక్సీ కూడా పెట్టారు. అందులో ఆమె ఫోటో కంటే సూర్రావు ఫోటో పెద్దది. పోయిందెవరని దారినపోయే ఒకాయన నన్నడిగాడు.

ఆడవాళ్ళను వీధి చివరే ఆపేశారు. శవం వెంట ఆడవాళ్ళు రాకూడదట. శవం ముందు మాత్రం సూర్రావు, అతని బ్యాచ్, పీకలదాకా తాగి, తువ్వాళ్ళు ఊపుతూ ఒకటే గెంతులు.

పరువు ఆ పూట ఎక్కడికెళ్ళిందో మరి.

అప్పుడు మా నరసమ్మక్క చెప్పులు విడిచింది. నేలని కొట్టింది. ఆమె వెనక మిగతావాళ్ళు.

"ఏటే అప్పా ఆ గెంతులు? సిగ్గునేదా?" సూర్రావు అక్క మీద అరిచాడు.

"మరి నువ్వేటి సేత్తన్నావురా?"

డప్పులవాళ్ళు నవ్వేశారు. నవ్వి, సూర్రావుకి వీపు తిప్పి, అక్క కాలికి దరువు కలిపారు. పాడె మోసేవాళ్ళు ఆగారు. ఆట అయ్యేదాకా కదల్లేదు.

సూర్రావు తువ్వాలు భుజాన వేసుకుని పక్కకు నిలబడ్డాడు. ఆ మొహం చూడటానికే ఇన్నాళ్ళు బతికానేమో.

హాల్‌కి ఈ పొద్దున మళ్ళీ తాళం పడింది. సంతాప సూచకంగా అట. మా డాబాకి తాళం లేదు. అక్కకి చెప్పేశాను.

వెళ్ళిరా చెల్లీ. నీ కాళ్ళు ఇక చల్లగా విశ్రాంతి తీసుకోవాలి. నీకు శాంతి కలగాలి.

సూర్రావుకి మాత్రం కలగకూడదు.