నిలిచిపోయిన వేలు

నా చిన్నప్పుడు ప్రొద్దుటూరులో మా వీధి మగ్గాలన్నిటికీ ఒకటే పేపరు, దాన్ని చదివే నోరూ ఒకటే. ఆ నోరు నాది. చదువొచ్చిన ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళకు చత్వారం, మిగతావాళ్ళకు అక్షరం ముక్క రాదు. సాయంత్రం మగ్గాలు దిగి అందరూ మా అరుగు మీదికి చేరితే, కాఫీ హోటలు నుంచి తెచ్చిన నిన్నటి పేపరు మోకాళ్ళ మీద పరుచుకుని, లైను కింద వేలు జరుపుకుంటూ గొంతెత్తి చదివేదాన్ని. నాలుగో తరగతి పిల్లకు అంతమంది పెద్దవాళ్ళు చెవులప్పగిస్తే కళ్ళు నెత్తికెక్కవా? ఎక్కాయి.

చదివేది పావుగంట, వాదించుకునేది రెండు గంటలు. నూలు ధర ఎందుకు పెరిగింది, నైలాన్ చీరలొచ్చి మన నోట్లో మట్టి కొట్టాయా లేదా, ఏ పార్టీ గెలిస్తే మగ్గానికి మంచిది. మా నాయన తండ్రిని మేం జేజినాయన, తల్లిని జేజి అనేవాళ్ళం. ఆయనది ఒక పార్టీ, ఎదురింటి తాతది ఇంకో పార్టీ. రాత్రి జుట్టూ జుట్టూ పట్టుకున్నంత పని చేసి, పొద్దున్నే ఒకరి చుట్ట నిప్పుతో ఇంకొకరు చుట్ట ముట్టించుకునేవాళ్ళు.

ఎన్నికలు దగ్గరపడిన రోజుల్లో ఒక సాయంత్రం వాదనలో మా జేజినాయన వెనకబడ్డాడు. ఎదురింటి తాత మహా మాటకారి. ఆయన ఒక్కో మాట విసురుతుంటే జనం నవ్వుతున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. పేపరు మీదికి ముఖం వంచుకుని, ఎదురింటి తాత నమ్ముకున్న నాయకుడు ఏదో సభలో “మగ్గాలు ఇంక పొయ్యిలో పెట్టుకోవడానికే పనికొస్తాయి” అన్నాడని చదివేశాను. పేపర్లో అలాంటి ముక్క ఎక్కడా లేదు. అదంతా నా సొంత కవిత్వం.

అరుగంతా గొల్లుమంది. మా జేజినాయన తొడ చరిచి లేచాడు. లేచినవాడు అక్కడితో ఆగలేదు. “ఏందప్పా, పోయినేడు కరువులో మా ఇంటి జొన్నలు తిని బతికినోనివి, నీకు రాజకీయాలు యాడివి?” అనేశాడు.

నవ్వులు ఆగిపోయాయి. ఎదురింటి తాత ముఖం మాడిపోయింది. కండువా దులుపుకుని, “ఇంగ నీ గడప తొక్కితే ఒట్టు” అని దిగి వెళ్ళిపోయాడు.

పదిరోజులు గడిచాయి. వీధి రెండు ముక్కలైంది. ఈ పక్కవాళ్ళు ఆ పక్క కుళాయికి పోరు. ఆ తాత కొడుకులు మా ఇంటి ముందు నడిచేటప్పుడు కావాలని గట్టిగా దగ్గేవాళ్ళు. మా సీమలో మాట పట్టింపు ఎక్కడిదాకా పోతుందో పిల్లలకు కూడా తెలుసు. నాకు నిజం చెబితే చంపుతారని భయం, చెప్పకపోతే వాళ్ళే చంపుకుంటారని భయం.

అంతలో పడుగుకు గంజి పెట్టాల్సిన రోజు వచ్చింది. చీరకు నిలువునా పోయే దారాలే పడుగు. తెల్లారుజామున దాన్ని వీధి పొడవునా లాగి కట్టి, గంజి పట్టించి, పెద్ద కుంచెను ఇటొకరు అటొకరు పట్టుకుని దువ్వుతూ పోవాలి. గంజి ఆరేలోపు దువ్వకపోతే దారాలు ఒకదానికొకటి అతుక్కుని, పడుగంతా పనికిరాకుండా పోతుంది. ఆ నూలు సావుకారిది. పాడు చేసినవాడికి మళ్ళీ నూలు ఇవ్వడు. నూలు లేకపోతే మా పొయ్యిలో పిల్లి లేవదు. పైగా మా అమ్మ కాన్పుకు జమ్మలమడుగు పుట్టింటికి పోయుంది, మా నాయన ఆమె దగ్గరున్నాడు.

ఎన్నేళ్ళుగానో కుంచె రెండో పక్క పట్టేది ఎదురింటి తాతే. ఆయన్ను పిలవడానికి జేజినాయనకు రోషం. ఆ సాయంత్రం అందరికంటే గట్టిగా నవ్వినవాళ్ళు ఇద్దరు “మేం లేమా” అన్నారు. ఆ ధైర్యంతోనే గంజి పట్టించేశాడు. వాళ్ళు రాలేదు. ఒకాయనకు జ్వరమట, ఇంకొకాయన ఇంట్లోనే లేడట.

ఎండ పైకి వస్తోంది. మా జేజి కొంగు బిగించి రెండో పక్క పట్టింది గానీ, నాలుగడుగులకే ఆమె పట్టు సడలింది. కుంచె ఒరిగి దారాలు పుటుక్కుమన్నాయి. జేజినాయన తల ఎత్తకుండా లాగుతున్నాడు. చెమటో కన్నీళ్ళో తెలియడం లేదు. పడుగు చివర అప్పుడే తెల్లగా బిగుసుకుపోతోంది.

జేజి నన్ను దగ్గరికి పిలిచింది. చెవిలో మెల్లగా, “పాపా, నువ్వు చదివేటప్పుడు నీ వేలు నడుస్తా ఉంటాది. ఆ పొద్దు మగ్గాల మాట చదివినప్పుడు అది నిలిచిపోయింది. నేను చూస్తాంటి. పో, ఆ తాతకు చెప్పు” అంది.

అక్షరం రాని మనిషి! పదిరోజులుగా తెలిసీ, నా అంతట నేను చెబుతానేమోనని కడుపులో పెట్టుకుంది. సిగ్గుతో తల దించుకునే పరుగెత్తాను.

ఎదురింటి తాత మగ్గం గుంటలో కూర్చుని నేస్తున్నాడు. వెక్కుతూ చెప్పేశాను. మగ్గం తొక్కుతున్న ఆయన కాళ్ళు ఆగిపోయాయి. గుంటలోంచి లేచినప్పుడు కొడతాడనే అనుకున్నాను. కొట్టలేదు. కండువా తలకు చుట్టుకుని వీధిలోకి వచ్చి, మా జేజి చేతిలోంచి కుంచె తీసుకున్నాడు.

ఇద్దరూ ఈ చివర నుంచి ఆ చివరికి, ఆ చివర నుంచి ఈ చివరికి దువ్వుతూనే ఉన్నారు. అంచున జానెడు మేర దారాలు అప్పటికే అతుక్కుపోయాయి. మిగతా పడుగు దక్కింది.

అప్పుడు జేజినాయన ముందు నిలబడి ఆయనకూ చెప్పాను. వీపు అప్పగించడానికి సిద్ధపడే ఉన్నాను. ఆయన నా వైపు చూడనే లేదు. ఎదురింటి తాతతో, “పాప చదివింది అబద్ధమప్పా. నేననిన జొన్నల మాట ఈ పిల్ల చెప్పిచ్చింది గాదు. యాడ దాచిపెట్టుకోనుంటినో, సందు దొరికితానే బయటికొచ్చె” అన్నాడు.

ఎదురింటి తాత కండువాతో చేతులు తుడుచుకుని, “గడప తొక్కనంటి, తొక్కలా. ఇది వీధి గదా” అని వెళ్ళిపోయాడు.

ఆ కాన్పులో పుట్టిన మా తమ్ముణ్ణి ఉయ్యాల తొట్టెలో వేసిన రోజు ఆయన ఒట్టు తీసి గట్టున పెట్టి గడప లోపలికి వచ్చాడు. మళ్ళీ అరుగు నిండింది, మళ్ళీ వాదనలు మొదలయ్యాయి. నేను చదువుతుంటే జేజి పక్కనే కూర్చుని నా వేలు చూసేది. అంతా మామూలే అనుకున్నాం. కానీ అంతకుముందు మా ఇంట్లో వారానికి రెండుసార్లైనా తినే ఆ తాత, ఆ తర్వాత బతికినన్నాళ్ళూ మా ఇంట్లో ఒక్క ముద్ద ముట్టలేదు. జేజి కంచం తెస్తే నవ్వుతూ, “ఇప్పుడే తింటినమ్మా” అనేవాడు. ఆ మాట వినపడ్డప్పుడల్లా జేజినాయన తల దించుకునేవాడు.

ఇప్పుడు మా వీధిలో ఇంటికి నాలుగు ఫోన్లు. పోయిన ఎన్నికలప్పుడు మా అబ్బాయీ, పులివెందులలో ఉండే వాడి బావమరిదీ ఫోనులో వచ్చిన ఏదో మెసేజీ పట్టుకుని తిట్టుకున్నారు. అది ఉత్తదని తర్వాత తేలింది. “అబద్ధమే గదా, ఇంగ మాట్లాడుకోండప్పా” అని చుట్టాలంతా అంటారు. నేను మాత్రం అనలేను. మెసేజీ ఎవడిదో గానీ, తిట్లు వాళ్ళవే కదా.

నాకూ ఒక ఫోను కొనిచ్చారు. అలవాటు కొద్దీ లైను కింద వేలు పెడితే అక్షరాలన్నీ పైకి జారిపోతాయి. మనవరాలు నవ్వుతుంది. నవ్వనీ. మళ్ళీ కిందికి లాక్కుని చదువుతాను. ఎవరి మీదనైనా మాట విసరాలని నాలుక దురద పెట్టినప్పుడు, కంచం పట్టుకుని నిలబడ్డ మా జేజి కళ్ళముందుకు వస్తుంది. నోరు మూసుకుంటాను.